గినీపందుల దైనందినాహారము: పచ్చిమేత యొక్క ఆవశ్యకత

గృహములందును, పాఠశాలలందును, పురోద్యానములందలి చిన్న జంతుశాలలందును బాలబాలికల వినోదార్థము గినీపందులను పెంచుట కలదు. ఈ జంతువు సాధుస్వభావము గలది. మనుష్యులకు త్వరలో మచ్చిక యగును. పెంపకమునకు అధికవ్యయము పట్టదు. అయినను తొట్టినిండ ధాన్యమును తవుడును ఉండగనే కొన్ని వారములలో చిక్కి, కీళ్లు వాచి, కదలలేక ఇది మరణించుట పలుచోట్ల సంభవించుచుండును. పెంచినవారు దీనిని అంటువ్యాధి యనియో, ఎవరో విషము పెట్టిరనియో భావింతురు. వాస్తవముగ పెక్కు సందర్భములలో కారణము ఆహారమునందే యుండును. ఆ లోపము మేత యొక్క పరిమాణమునకు సంబంధించినది కాదు, గుణమునకు సంబంధించినది. ఇట్టి మరణమును స్వల్పవ్యయముతో పూర్తిగా నివారింపవచ్చును. జంతుశాలలను, పాఠశాలలను, పెంపుడు జంతువుల దుకాణములను తనిఖీ చేయు పురపాలక, తాలూకా అధికారుల ఉపయోగార్థము ఈ విషయము క్రింద వివరింపబడుచున్నది.

1. జంతువు యొక్క స్వభావము

పేరున నెట్లున్నను, గినీపంది పందిజాతికి చేరినది కాదు. గినీదేశమున పుట్టినదియు కాదు. దీని జన్మస్థానము దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతప్రాంతము. పెరూ, బొలీవియా మొదలగు దేశముల పూర్వనివాసులు వేల సంవత్సరముల క్రిందటనే దీనిని మచ్చిక చేసిరి. అచ్చట దీనిని ‘కూయ్’ అని పిలిచి, మాంసార్థము నేటికిని పెంచుచున్నారు. 16వ శతాబ్దమున ఇది ఐరోపాఖండమునకు చేరెను. పెరిగిన జంతువు సుమారు 700 మొదలు 1,200 గ్రాముల వరకు తూగును. సరియైన పోషణ యున్నచో 5 మొదలు 8 సంవత్సరముల వరకు జీవించును.

ఎలుకవలె ఇదియు కొరుకు జంతువులలోనిదే. అందుచేత ఎలుకకు చాలిన మేత దీనికిని చాలునను అపోహ కలుగుచున్నది. ఎలుక ధాన్యము మొదలుకొని ఎంగిలిమెతుకుల వరకు సర్వమును తినును. గినీపంది గడ్డిమేయు జంతువు. దీని 20 దంతములును జీవితాంతము పెరుగుచునే యుండును. గట్టిపీచుగల గడ్డిని గంటలకొలది నమలుటవలననే అవి తగినంత అరుగును. మెత్తని మేతయే పెట్టినచో దవడపండ్లు అతిగా పెరిగి, నాలుకకును బుగ్గలకును గ్రుచ్చుకొని, జంతువు ఆకలితోనున్నను తినలేని స్థితికి వచ్చును.

జీర్ణావయవములును ఇట్టి మేతకు తగినట్లే ఏర్పడియున్నవి. చిన్నప్రేవును పెద్దప్రేవును కలియుచోట అంధనాళమను పెద్ద సంచి కలదు. ప్రేవులలోనుండు పదార్థములో సగముకంటె ఎక్కువ భాగము ఇందే నిలిచి, సూక్ష్మజీవులచేత పులిసి జీర్ణమగును. ఆ సూక్ష్మజీవులకు పీచే ఆధారము. పీచు తగ్గి పిండిపదార్థమును చక్కెరయు ఎక్కువైనప్పుడు వాని సమత్వము చెడి ఉబ్బరము, విరేచనములు కలుగును. గినీపంది తన మెత్తని పెంటికలలో కొన్నింటిని తిరిగి తినును. ఇది రోగలక్షణము కాదు. పోషకములను రెండవసారి గ్రహించుటకు ప్రకృతి యేర్పరచిన విధానము. దీనిని మాన్పింప ప్రయత్నింపరాదు.

2. గినీపందికిని మనుష్యునకును గల సామ్యము

ఆవు, కుక్క, పిల్లి, ఎలుక మొదలగు జంతువులు విటమిను ‘సి’ని తమ శరీరమునందే తయారుచేసికొనును. గినీపందికి ఆ శక్తి లేదు. మనుష్యునకును, కోతులలో పెక్కు జాతులకును అట్లే లేదు. ఆ పదార్థము తయారగుటకు కావలసిన తుది ఎంజైము వీరి శరీరములలో లోపించియున్నది. కావున ఇది నిత్యము ఆహారముద్వారానే అందవలెను. అందనిచో స్కర్వీ వ్యాధి కలుగును.

ఈ సత్యము బయల్పడిన విధము గమనింపదగినది. నార్వేదేశపు రాజధానియగు క్రిస్టియానియాలో (ఇప్పటి ఓస్లో) ఆక్సెల్ హోల్‌స్ట్, థియోడార్ ఫ్రోలిక్ అను నిరువురు పండితులు నావికులకు కలుగుచుండిన బెరిబెరివంటి వ్యాధిని పరిశోధించుచుండిరి. ఆ వ్యాధిని జంతువులయందు కలిగింపనెంచి గినీపందులకు ధాన్యమును, రొట్టెను మాత్రమే మేపిరి. బెరిబెరి రాలేదు; స్కర్వీ వచ్చెను. పచ్చికూరలు, పండ్లరసము ఇచ్చినంతనే వ్యాధి నివారణమయ్యెను. ఈ ఫలితములను వారు 1907లో ప్రకటించిరి. అది మొదలు ఏ ఆహారమునకు స్కర్వీని ఆపుశక్తి ఎంత కలదో తెలిసికొనుటకు గినీపందియే ప్రమాణమయ్యెను.

భారతీయులకును ఈ పరిశోధనలతో సంబంధము కలదు. మొదటి ప్రపంచయుద్ధమున, 1916వ సంవత్సర ప్రాంతమున, మెసొపొటేమియాలో పోరాడిన భారతసైనికులు వేలకొలదిగ స్కర్వీపాలైరి. పిండియు పప్పును అందుచునే యుండినను పచ్చికూరలు అందకపోవుటయే దానికి ముఖ్యకారణము. ఎండుపప్పులకు స్కర్వీని ఆపుశక్తి లేదనియు, అవే గింజలను నానబెట్టి మొలకెత్తించినచో ఆ శక్తి కలుగుననియు లండనులోని లిస్టరు సంస్థయందు హారియట్ చిక్, మారియన్ డెల్ఫ్ అను విదుషీమణులు గినీపందులపై పరీక్షించి 1919లో ప్రకటించిరి.

పిదప 1932లో హంగరీదేశపు సెగెద్ పట్టణమున ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గ్యీ తన సహాయకుడగు స్విర్బెలీతో గూడి, తాను వేరుచేసిన ఆమ్లము గినీపందులను స్కర్వీనుండి కాపాడునని చూపి, అదియే విటమిను ‘సి’ యని నిర్ధారించెను. అదేకాలమున అమెరికాలో చార్లెస్ కింగ్ కూడ ఈ నిర్ణయమునకే వచ్చెను. ఆ పదార్థమును అధికముగ సేకరించుటకు సెంట్-గ్యోర్గ్యీకి తోడ్పడినది ఆ ప్రాంతమున పండు ఎఱ్ఱని మిరపకాయ. 1937లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను.

మనుష్యులకు స్కర్వీనుండి రక్షణమార్గము చూపిన ఈ జంతువే, ఆ జ్ఞానము లభించిన తరువాతను, పచ్చనాకు లేని గూటిలో స్కర్వీతో మరణించుట మిక్కిలి శోచనీయము.

3. ముఖ్యాహారము: గడ్డి

గినీపంది యెదుట రేయింబవళ్లు గడ్డి యుండవలెను. దీనికి మితి లేదు. పెరిగిన జంతువులకు పుష్టిగల ఎండుగడ్డి శ్రేష్ఠము. అది పచ్చదనము పూర్తిగా పోక, మంచి వాసన గలిగి, బూజు, దుమ్ము లేక యుండవలెను. విదేశములలో టిమొతీ గడ్డిని వాడుదురు. దుకాణములందు ఇదియు లభించును. లభింపనిచోట శుభ్రమైన నేలలో మొలచిన గరిక మిక్కిలి అనుకూలము. గరికను కోసి పచ్చిగా కొంతయు, నీడలో ఆరబెట్టి కొంతయు పెట్టవచ్చును. వరిగడ్డి పడకకు ఉపయోగించును. దంతముల అరుగుదలకు కొంత తోడ్పడును. కాని పోషణకు అది యొక్కటియే చాలదు.

లూసర్ను గడ్డియందు సున్నపుధాతువు అధికము. పెరుగుచున్న పిల్లలకును, చూలుతోనున్న జంతువులకును, పాలిచ్చు తల్లులకును అది మేలు. పెరిగిన ఇతర జంతువులకు నిత్యము పెట్టినచో మూత్రాశయమున రాళ్లు ఏర్పడు ప్రమాదము కలదు.

ఎండుగడ్డి ఎంత శ్రేష్ఠమైనదైనను విటమిను ‘సి’కి దానిని నమ్మరాదు. ఎండుటలోను, నిల్వలోను ఆ విటమిను చాలవరకు నశించును. గడ్డి సమృద్ధిగనున్నను స్కర్వీ రాగలదను విషయమును పెంచువారు తరచుగ విస్మరింతురు.

4. విటమిను ‘సి’ లభించు పదార్థములు

ఆరోగ్యముగనున్న గినీపందికి, శరీరపు తూకములో ఒక్కొక్క కిలోగ్రామునకు, దినమునకు సుమారు 10 మొదలు 30 మిల్లీగ్రాముల విటమిను ‘సి’ కావలెను. చూలుతోనున్నప్పుడును, వ్యాధిలోను ఇంతకంటె ఎక్కువ కావలెను. దేహమునందు దీని నిల్వ స్వల్పము. కావున వారమునకొకసారి ఎక్కువగ పెట్టుట దినదినము కొంచెముగ పెట్టుటతో సమానము కాదు.

అన్ని పచ్చిపదార్థములును ఈ విషయమున సమానములు కావు. ఇండ్లలో సామాన్యముగ పెట్టు క్యారెట్టు, దోసకాయ ముక్కలయందు 100 గ్రాములకు 10 మిల్లీగ్రాములకు లోపుగనే ఈ విటమిను కలదు. జంతువు వీనిని ప్రీతితో తినును; పెంచినవారు పచ్చిమేత పెట్టితిమని తృప్తి చెందుదురు; అయినను లోపము తీరదు. జామపండునందు 100 గ్రాములకు 200 మిల్లీగ్రాములకు మించియు, కూరగా వాడు పెద్దమిరపయందును మునగాకునందును 100 మిల్లీగ్రాములకు మించియు లభించును. ఉసిరికాయ వీనికంటెను సమృద్ధమైనది. అనగా ఒక తులమెత్తు జామపండు ముక్క పెరిగిన జంతువునకు ఒక దినమునకు చాలినంత విటమినును ఇంచుమించుగ ఇయ్యగలదు. ఇందలి వ్యయము అత్యల్పము.

అయినను ఏ యొక్క పదార్థమును మితిమీరి పెట్టరాదు. జామయందు చక్కెర యుండుటచేత చిన్నముక్క చాలును. గింజలు తీసిన పెద్దమిరపముక్కను ప్రతిదినము ఇయ్యవచ్చును. ఇది కారపు మిరపకాయ కాదని సేవకులకు స్పష్టముగ చెప్పవలెను. కొత్తిమీరయు మునగాకును ఇతర ఆకులతో కలిపి కొద్దికొద్దిగ పెట్టవలెను. తోటకూర, పాలకూరలయందు ఆక్సాలిక్ ఆమ్లము ఎక్కువగ నుండుటచేత వానిని అప్పుడప్పుడు మాత్రమే వాడవలెను. క్యాబేజీ అధికమైనచో కడుపుబ్బరము కలిగించును. ఉసిరికాయ పులుపునుబట్టి కొన్ని జంతువులు ముట్టవు, బలవంతపెట్ట నక్కరలేదు.

పచ్చిమేతను మంచినీటితో కడిగి, నీరు వాడ్చి, ఉడికింపక పెట్టవలెను; వంటవేడిమివలన ఈ విటమిను నష్టమగును. తిని మిగిలినదానిని, ముఖ్యముగ వేసవిలో, కుళ్లకమునుపే కొన్ని గంటలలో తీసివేయవలెను.

5. గుళికలమేతయు, ధాన్యమును

గినీపందులకై ప్రత్యేకముగ తయారుచేయబడిన గుళికలమేత దుకాణములందు లభించును. దీనియందు విటమిను ‘సి’ చేర్చబడియుండును. అయితే కాలము గడచినకొలదియు, వేడిమి, వెలుతురు, తేమ తగిలినకొలదియు ఆ విటమిను క్షీణించును. సామాన్యముగ తయారైన 90 దినములలోపల వాడవలెను. మూతగల పాత్రయందు చల్లనిచోట ఉంచవలెను. తయారైన తేదీ చూడక కొన్న పాతసంచి కడుపు నింపునేగాని వ్యాధిని ఆపదు. పెరిగిన జంతువునకు దినమునకు రెండు తులముల గుళికలు చాలును. కుందేళ్లకు తయారుచేసిన గుళికలు, ఆకారమున ఒకే తీరుగ నున్నను, పనికిరావు. కుందేలు తనకు కావలసిన విటమిను ‘సి’ని తానే తయారుచేసికొనును గనుక దాని మేతలో దానిని చేర్చవలసిన యవసరము లేదు.

శనగలు, ఉలవలు, వేరుశనగలు, బియ్యము, తవుడు మొదలగువానిని ముఖ్యాహారముగ పెట్టరాదు. వీనియందు పిండియు నూనెయు ఎక్కువ, పీచు తక్కువ, విటమిను ‘సి’ యుండదు. జంతువు బలిసినట్లు కనబడును గాని ఆరోగ్యము క్షీణించును.

6. నీరు

గడ్డియు గుళికలును తిను జంతువు, తూకములో కిలోగ్రామునకు దినమునకు సుమారు 100 మిల్లీలీటర్ల నీరు త్రాగును. వేసవిలో ఇంకను ఎక్కువ కావలెను. నీటిపాత్రను ప్రతిదినము కడిగి క్రొత్తనీరు పోయవలెను. గినీపంది వేడిమిని ఓర్వలేదు. కావున పాత్రయు గూడును నీడయందుండవలెను. విటమిను ‘సి’ మాత్రలను నీటిలో కరగించి పెట్టు పద్ధతి నమ్మదగినది కాదు. ఆ విటమిను నీటిలో త్వరగా చెడును. రుచి మారుటచేత జంతువు నీరు త్రాగుటయే మానవచ్చును. మాత్ర లేక ద్రవము అవసరమైనచో పశువైద్యుడు చెప్పిన మోతాదున నేరుగ నోటికే ఇయ్యవలెను. అనేక విటమినులు కలిసిన మందులు ఇయ్యరాదు. అందలి ‘ఎ’, ‘డి’ విటమినులు అధికమైనచో హాని చేయును.

7. పెట్టరాని పదార్థములు

అన్నము, రొట్టె, మిఠాయిలు, పాలు, మాంసము, ఉప్పుకారములు కలిసిన వంటకములు గినీపందికి పెట్టరాదు. ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ మొలకలు, టమాటాచెట్టు ఆకులు హానికరములు. గన్నేరు, ఉమ్మెత్త, లాంటానా మొదలగు విషపుమొక్కల ఆకులు గడ్డిలో కలియకుండ చూడవలెను. లేత జొన్నపైరు పశువులను చంపునని రైతులెరుగుదురు. గినీపందికిని అది తగదు. పురోద్యానములలో కోసిన గడ్డిని పెట్టునప్పుడు, ఆ స్థలమున పురుగుమందులు గాని కలుపుమందులు గాని చల్లబడలేదని తోటపనివారివలన రూఢి చేసికొనవలెను.

మేతను అకస్మాత్తుగ మార్చరాదు. గినీపంది చిన్ననాట ఎరిగిన మేతనే కోరును; క్రొత్తదానిని చూచి పస్తుండుటయు కలదు. క్రొత్త ఆకును కొద్దికొద్దిగ, పాతమేతతో కలిపి, కొన్ని దినములలో అలవాటు చేయవలెను.

8. వ్యాధిలక్షణములు

విటమిను ‘సి’ పూర్తిగా లోపించిన మేతతో రెండు వారముల ప్రాంతముననే లక్షణములు కనబడవచ్చును. ఉపేక్షించినచో మూడు నాలుగు వారములలో మరణము సంభవించును. మొదట జంతువు చురుకుదనము కోల్పోయి ఒకమూల ముడుచుకొని కూర్చుండును. వెండ్రుకలు గరుకుబారును. తూకము తగ్గును. కీళ్లు వాచుటచేత కుంటును. చేతితో నెత్తినప్పుడు నొప్పిచేత అరచును. చిగుళ్లనుండి రక్తము కారవచ్చును. ఎత్తినంతనే అరచుటను బిడ్డలు కోపమని తలంతురు. అది బాధయని వారికి తెలుపవలెను.

వారమునకొకసారి తూచి వ్రాసియుంచుట రోగమును ముందుగ గుర్తించుటకు ఉత్తమమార్గము. ఒక దినమైనను మేత ముట్టనిచో పశువైద్యునికి చూపవలెను, ఆలస్యము ప్రమాదకరము. మనుష్యుల మందులను ఇంటివారు తమంతట ఇయ్యరాదు. మనుష్యులకు ప్రాణరక్షకమైన పెన్సిలిను, ప్రేవులలోని సూక్ష్మజీవులను చెరచి, గినీపందికి ప్రాణాంతకము కాగలదు.

9. అధికారులు గమనింపవలసినవి

జంతుహింసా నివారణ చట్టము, 1960, 3వ సెక్షను ప్రకారము జంతువు ఎవరి అధీనమున నుండునో వారు దాని క్షేమమునకు తగిన చర్యలు తీసికొనుటకు బాధ్యులు. చాలినంత మేత, నీరు, వసతి కల్పింపకుండుట 11వ సెక్షను క్రింద నేరము. పెంపుడు జంతువుల దుకాణములకు సంబంధించిన 2018వ సంవత్సరపు నిబంధనలు గినీపందులకును వర్తించును. ఆ నిబంధనల ప్రకారము దుకాణములు రాష్ట్ర జంతుసంక్షేమ మండలియందు నమోదు కావలెను. అయినను పెక్కు సందర్భములలో లోపము దయలేమివలన గాక తెలియమివలన కలుగునది గనుక, శిక్షకు ముందు బోధ అవసరము.

తనిఖీ సమయమున ఈ క్రింది ప్రశ్నలు వేయుట చాలును: గూటిలో ఇప్పుడు గడ్డి కలదా? ఈ దినమున పెట్టిన పచ్చిమేత యేది? అందు విటమిను ‘సి’ సమృద్ధిగ గల పదార్థమొకటియైన కలదా? గుళికలసంచిపై తయారైన తేదీ యేది? నీరు ఎప్పుడు మార్చబడినది? గడచిన వారము తూకమెంత? సెలవుదినములలో మేత పెట్టువారెవరు? కడపటి ప్రశ్న పాఠశాలల విషయమున మిక్కిలి ముఖ్యము. దీర్ఘమైన సెలవులలో కావలివాడు ధాన్యము మాత్రమే పోసిపోవు చోట, బడి తెరచునాటికి పిల్లలకు ఖాళీగూడు కనబడవచ్చును.

పెంచువారికి ఇయ్యదగిన దినచర్య ఇది: ప్రాతఃకాలమున నీరు మార్చి, గడ్డి నింపి, రెండు తులముల గుళికలు వేయవలెను. సాయంకాలమున చల్లబడిన పిదప ఒక గుప్పెడు వివిధములైన పచ్చియాకులును, వానితో ఒక పెద్దమిరపముక్క గాని చిన్న జామముక్క గాని పెట్టవలెను. రాత్రి పరుండుటకు ముందు మిగిలిన పచ్చిమేతను తీసి, గడ్డి కలదో లేదో చూడవలెను.

గినీపంది గూటిలో నేర్చిన పాఠము గూటియందే ముగియదు. 1940వ సంవత్సర ప్రాంతమున పంజాబులోని హిస్సారు జిల్లాయందు కరవు కలిగి స్కర్వీ తలయెత్తినప్పుడు ఉసిరిక వాడబడి సత్ఫలితము నిచ్చెను. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన పోషకాహార పరిశోధన పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థగ వర్ధిల్లుచున్నది. కరవుకేంద్రమునందైనను, వసతిగృహమునందైనను, పాఠశాలలోని చిన్నగూటియందైనను, గింజలరాశిని చూచి ఆహారము సంపూర్ణమని తలంపరాదు. పచ్చనిది ఏమున్నదని మొదట విచారింపవలెను.